గాలివాలు మనిషి మాట

(మందు కొట్టే యంత్రాల షెడ్డు బాధ్యతల నుంచి విరమిస్తున్న ఫెబా గారు, రైతు సంఘం ఏర్పాటు చేసిన సన్మాన సభలో ఇచ్చిన ప్రసంగం)

సభకు అధ్యక్షత వహిస్తున్న మన రైతు సంఘం అధ్యక్షులు ప్రేమ్‌చంద్ గారికి, ఒంగోలు నుంచి ఇంత ఎండలో వచ్చి మా మధ్య కూర్చున్న వ్యవసాయ శాఖ అధికారి శ్రీరమ్య గారికి, ప్రార్థనతో సభ మొదలుపెట్టిన పాస్టరు గారికి, ఆ వెంటనే దీపం వెలిగించిన పెద్దలకు, ముందు వరసలో కూర్చున్న రైతు సోదరులకు, వెనక వరసలో కూర్చుని నా వైపు కాకుండా బిర్యానీ డేక్సాల వైపు చూస్తున్న తమ్ముళ్ళకు, గోడ వారన చేరి ఇప్పటికే నవ్వడం మొదలుపెట్టిన మా ఆడవాళ్ళందరికీ నా నమస్కారాలు. (నవ్వులు)

నవ్వండమ్మా, నవ్వండి. రోజూ అరిచినట్టు ఇవాళ అరవనులే. మైకు పెట్టారు కదా, ఆ పని అదే చూసుకుంటుంది. అయినా ప్రేమ్‌చంద్‌ని ‘గారు’ అనడం నాకు నోరు తిరగడం లేదు. వాళ్ళ నాన్న సైకిలు మీద ముందు కూర్చుని షెడ్డుకొచ్చి, నాజిళ్ళన్నీ కుళాయికి తగిలించి నీళ్ళు చిమ్ముకుంటూ ఆడి, నా చేత వీపు మీద రెండు తిన్నవాడు. ఇవాళ అధ్యక్షుడయ్యాడు. సంతోషమే. ఇవాళ గారు అంటాను, రేపటి నుంచి మళ్ళీ ఒరేయ్ అంటాను. (నవ్వులు, చప్పట్లు)

ఇందాక మాట్లాడిన వాళ్ళందరూ నేను షెడ్డుని కన్నబిడ్డలా చూసుకున్నానన్నారు. అబ్బే, నా బిడ్డల్ని నేను అన్ని తిట్లు తిట్టలేదు. శాలువా కూడా కప్పారు. మంచి శాలువా, జరీ ఉంది, బరువుగా ఉంది, ఈ ఎండలో నా ప్రాణం తీస్తోంది. దీని సంగతి చివర్లో చెప్తాను.

ఇప్పుడు మనం కూర్చున్న ఈ షెడ్డు ఒకప్పుడు పొగాకు కాల్చే బ్యారన్ అని ఈ కాలం పిల్లలకి తెలియదు. పొగాకు మానేశాక గోడలు మిగిలాయి, గబ్బిలాలు మిగిలాయి. ఆ రోజుల్లో ఊళ్ళో ప్రతి ఇంటికీ ఒక తైవాన్ పంపు ఉండేది. వీపున మోసే ఇంజను పంపు, పెట్రోలు తాగుతుంది, చెవులు గళ్ళుపడేలా అరుస్తుంది. సీజనంతా దాన్ని మోస్తారు, సీజను అయిపోగానే గొడ్లచావిట్లో మూలకి విసిరేస్తారు, మళ్ళీ మిరప నారు నాటాక తీసి చూస్తే లోపల మందు గడ్డకట్టి, గొట్టం ఎలక కొరికి, ఇంజను బిగుసుకుపోయి ఉంటుంది. ఇంక వినుకొండ పరిగెత్తడం, బాగుచేసేవాడు లేడని కొత్తది తెచ్చుకోవడం. పక్కింటి పంపు ఊరికే పడున్నా సరే అడగడానికి నామోషీ. పంట డబ్బుల్లో మందుల షాపువాడి వాటా, పంపుల షాపువాడి వాటా పోను, మిగిలినదాంతో పిల్లల ఫీజులు కట్టేవాళ్ళం. అట్లాంటి రోజుల్ని తలుచుకుని ఇప్పుడు నాకు బెంగెందుకు వస్తుందో నాకే తెలియదు. అప్పుడు మోకాళ్ళ నొప్పులు లేవు, అందుకేనేమో.

మా ఆయన శ్యామ్ సుందర్ గారు, అదిగో మూడో వరసలో నేను ఏం బయటపెడతానోనని కండువా ముఖానికి అడ్డం పెట్టుకున్న పెద్దమనిషి, (నవ్వులు) పెళ్ళికి ముందు హైదరాబాదు అవతల మేడ్చల్ వైపు ద్రాక్షతోటల్లో పనిచేశారు. అందరూ పట్నం నుంచి వస్తూ చీరలు తెస్తారు, గాజులు తెస్తారు. ఈయన తడిగోనెలో చుట్టి ద్రాక్ష కొమ్మలు తెచ్చారు. మా మామగారికి ప్రభుత్వం ఇచ్చిన మెట్టచెక్కలో, ఎటు చూసినా మిర్చి, పత్తి తప్ప ఇంకోటి లేని చోట, రాతి స్తంభాలు పాతి తీగలు లాగి పందిరి వేస్తానన్నారు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. ఊరంతా నవ్వింది. నేను నవ్వలేదు, ఏడ్చాను, ఎందుకంటే స్తంభాలకి పోయినవి నా చెవి కమ్మలు.

కానీ పందిరి అల్లుకుంది. ఆ నీడ మీలో ఎంతమందికి గుర్తుందో గానీ, నాకు మాత్రం కళ్ళు మూసుకుంటే చాలు. మిరపకాయలు కోసి చేతులు మంటపుట్టి, మధ్యాహ్నం క్యారియర్లు పట్టుకుని ఆడవాళ్ళందరూ పందిరి కిందకే వచ్చేవాళ్ళు. కాలవలో మణికట్టు దాకా చేతులు ముంచి ‘అమ్మయ్య’ అని కూర్చునేవాళ్ళు. ఒకళ్ళ కూర ఒకళ్ళు రుచి చూసేవాళ్ళు, పైనుంచి పుల్లటి కాయలు తుంపి ఉప్పు అద్దుకుని తినేవాళ్ళు, మా ఆయన ‘పచ్చివి కొయ్యకండమ్మా’ అని గునుస్తూ చుట్టూ తిరిగేవారు. పుల్లమ్మ వదినా, నువ్వు కొంగులో మూటకట్టుకుపోయిన కాయలన్నీ నాకు తెలుసు, ఇవాళ సన్మానం కాబట్టి వదిలేస్తున్నా. (నవ్వులు)

అట్లాంటి పందిరి మీద ఒకరోజు మందు పడింది.

మా గట్టు అవతల పొలం వెంకటనారాయణన్నయ్యది. పుల్లమ్మ వదిన ఇంటాయనే, అందరికీ తెలుసు. ఆ ఏడు ఆయన మొక్కజొన్న వేశాడు. అందులో కలుపు మందు కొట్టాడు. ఆ మందు మొక్కజొన్నని ఏమీ చెయ్యదు, వెడల్పాకు కలుపుని మాత్రమే చంపుతుంది. ద్రాక్షదీ వెడల్పాకే. ఇది కలుపు, ఇది ఫెబమ్మ పందిరి అని మందుకి తెలుస్తుందా? మిట్టమధ్యాహ్నం, గాలి మా వైపు జోరుగా కొడుతుండగా, సన్నటి తుంపర పడేలా పంపు బిగించి మరీ కొట్టాడు. నాలుగు రోజులు తిరిగేసరికి మా ఆకులు విసనకర్రల్లాగా ముడుచుకున్నాయి, కొత్త చిగురు దారంలా సాగిపోయింది. మా ఆయన ఒక ఆకు కోసి అరచేతిలో పెట్టుకుని చూస్తూ నిలబడిపోయారు. నేను నిలబడే రకం కాదు కదా, గట్టెక్కాను.

“ఏమన్నయ్యా, కలుపు మందు నీ చేలో కొట్టుకోకుండా నా పందిరి మీద కొట్టావేంది?”

“నా చేలోనే నేను కొట్టుకున్నా ఫెబమ్మా! గాలికి కూడా గట్టు వెయ్యమంటావా ఏంది?”

చూశారా, ఆయనా తక్కువవాడు కాదు. కానీ దేవుడున్నాడు. రెండు రోజులాగేసరికి మా పందిరి అవతల ఉన్న ఆయన సొంత తమ్ముడి పత్తి కూడా ముడుచుకుంది. ఆ తమ్ముడు నాలాగా అరవలేదు, కర్ర తీసుకుని వచ్చాడు. (నవ్వులు) గాలికి కులమూ లేదు, చుట్టరికమూ లేదని ఊరికి ఆ పూట తెలిసింది.

పంచాయితీ ఇక్కడే జరిగింది, ఈ గోడల మధ్యే. నష్టపరిహారం ఎంత అని పెద్దలు లెక్క తేలుస్తున్నారు. పెళ్ళయినప్పటి నుంచి నాలుగు మాటలు కలిపి మాట్లాడని మా ఆయన లేచి నిలబడ్డారు. “నాకు డబ్బులొద్దండి. మందు కొట్టేముందు గాలి ఎటుందో చూడండి. అటువైపు పొలంవాళ్ళని గట్టు మీదకి పిలిచి ఒక్క మాట అడగండి. వాళ్ళు ‘కొట్టుకో’ అంటే కొట్టండి, లేకపోతే ఆగండి. అంతే,” అన్నారు.

“అడగాలా?” అన్నారు ఎవరో. ఎవరన్నారో నాకు తెలుసు, చెప్పను, పోయారు పాపం.



ఆ ‘అడగాలా’లో ఏముందో ఇక్కడున్న పెద్దవాళ్ళకి తెలుసు. పిల్లలకి తెలియకపోతే మంచిదే గానీ, ఇవాళ చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పను. ఊరవతల ఉన్న మా పేటవాళ్ళని అప్పటిదాకా ‘రండి’ అన్నారు, ‘చెయ్యండి’ అన్నారు, ‘పొండి’ అన్నారు. గట్టు మీద నిలబడి ‘ఏమంటావు’ అని అడిగినవాళ్ళు లేరు. ఆ సంగతి తెలిసే మా ఆయన అడిగారో, పందిరి కోసమే అడిగారో, నేను ఇప్పటికీ ఆయన్ని అడగలేదు. వెంకటనారాయణన్నయ్యే ముందుగా అన్నాడు, “అడిగితే పోయేదేముందిరా, నోరేమన్నా అరిగిద్దా?” అని. గొడవకి కారణమైన మనిషే ఆ మాట అన్నాక మిగతావాళ్ళకి కాదనడానికి లేకపోయింది. అన్నయ్యా, నీ మొక్కజొన్న మందు నేను ఎప్పుడో మర్చిపోయాను గానీ, ఆ మాట మాత్రం మర్చిపోలేదు. (చప్పట్లు)

అట్లా మొదలైంది గాలిగుడ్డ. నా పాత వాయిలు చీర చెంగు చింపి, వెదురు కర్రకి కట్టి గట్టు మీద పాతాం. గుడ్డ ఎటు ఎగిరితే అటు గాలివాలు. గాలివాలున ఉన్న పొలంవాళ్ళు వచ్చి ‘కొట్టుకో’ అనాలి. అంతకు మించి రూలు లేదు, కాగితం లేదు, సంతకం లేదు. కొన్నాళ్ళకి ఏ చేను చూసినా ఒక చీరముక్క ఎగురుతూ ఉండేది, కొత్తగా వచ్చినవాళ్ళు ఇదేదో జాతర అనుకునేవాళ్ళు.

అడగడం మొదలయ్యాక మాటలు కలిశాయి, మాటలు కలిశాక ఇంటికో పంపు ఎందుకన్న మాట వచ్చింది. అందరం కలిసి ట్రాక్టరు వెనక తగిలించే పెద్ద యంత్రం కొని ఈ షెడ్డులో పెట్టాం. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందంటారు కదా, మా యంత్రం కూడా అట్లాగే చస్తుందని చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు పందేలు కట్టారు. తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలన్న దగ్గర నిజంగానే చచ్చేది. ఒక పార్టీవాళ్ళ దగ్గరుంటే ఇంకో పార్టీవాళ్ళు ఒప్పుకోరు, అన్న దగ్గరుంటే తమ్ముడు ఒప్పుకోడు. చివరికి ఏ పార్టీకీ చెందని, పెద్ద పొలం లేని, అందరినీ సమానంగా తిట్టే మనిషి కావాలని వెతికితే నేను దొరికాను. గౌరవంతో ఇచ్చారనుకునేరు! (నవ్వులు)

తర్వాత నా అరుపులు మీకు తెలిసినవే. నాజిల్‌లో నలక పడితే గుండుసూదితో పొడిచినవాడికి ఆ రోజు నా చేతిలో మూడినట్టే. సూదితో పొడిస్తే కన్నం పెద్దదవుతుంది, ఒకవైపు మందు ధారగా పోతుంది, నెల తిరక్కుండా సంఘం కొత్తది కొనాలి. పాత పళ్ళబ్రష్షుతో తోముకుంటే ఏం పోయింది? కలుపు మందు ట్యాంకుకి ఎర్రరంగు వేయించి, దాన్ని ఇంకే మందుకీ ముట్టనివ్వలేదు. అద్దె డబ్బుల్లోంచి మరమ్మతులకని ముందు తీసి పక్కన పెట్టాకే మిగతా ఖర్చులు. అందుకే మన యంత్రం ఇన్నేళ్ళు నడిచింది, దాని ఈడువి అమ్ముడుపోయి ఇనప సామాన్ల కొట్లో ఉన్నాయి.

ఇందులో సగం నాకు శ్రీరమ్య గారు నేర్పినవే. ఆవిడ ఉద్యోగంలో చేరిన కొత్తలో మన ఊరొచ్చి, పెద్ద చినుకు పడే నాజిళ్ళు తెచ్చి చూపించారు. సన్నటి తుంపర గాలిలో కొట్టుకుపోతుందమ్మా, చినుకు బరువుంటే ఆకు మీదే పడుతుంది, గొట్టం పంటకి దగ్గరగా దించండి అని ఓపిగ్గా చెప్పారు. మంచు పట్టి ఆకు కూడా కదలని తెల్లవారుజామున కొడితే మంచిదనుకునేదాన్ని. అదీ తప్పేనట, ఆ పూట తుంపర కిందకి దిగకుండా పొగలాగా తేలుతూ ఎక్కడికో పోతుందట. నేను వాదించాను. ఆవిడ నన్ను గట్టు మీద నిలబెట్టి, ట్యాంకులో ఉత్త నీళ్ళు పోసి కొట్టించి, ఎండ పొడ తగలగానే ఆ తెల్లటి తెర ఎటుపోతోందో చూపించారు. అది నేరుగా మా పందిరి మీదకే వెళ్తోంది! అమ్మా, మీకు నేను అప్పుడు థాంక్స్ చెప్పలేదు, ఉక్రోషం వచ్చింది. ఇప్పుడు చెప్తున్నాను. (చప్పట్లు)

తప్పులు చెయ్యలేదా, చేశాం. ఊరంతా కలిసి చేసిన తప్పు ఒకటుంది, చెప్తే ప్రేమ్‌చంద్ గారు తల దించుకుంటారు. ఒక ఎన్నికల ఏడు, ఊళ్ళో జెండాలు ఊరికే వస్తున్నాయి కదా అని చీరముక్కలు పీకేసి, ఎవరి పార్టీ జెండా వాళ్ళు గాలిగుడ్డ కర్రలకి కట్టారు, ప్రేమ్‌చంద్ గారూ కట్టారు. ఒకడి జెండా చూసి రెండోవాడు ‘ఆ జెండా కింద నేను కొట్టుకో అనను పో’ అని బిగుసుకున్నాడు. మిరపకి పురుగు పట్టింది, పురుగుకి పార్టీ లేదు, అది రెండు చేలూ సమంగా తింది. (నవ్వులు) అంతకంటే పెద్ద తప్పు ఇంకోటుంది. ఆ జెండాలు మందపాటి గుడ్డ, చుట్టూ కుట్టు, పైగా రాత్రి మంచుకి తడిసి ఉన్నాయి. చిన్నగాలికి కదలవు. జెండా కదల్లేదు కాబట్టి గాలి లేదనుకుని కొట్టారు. గాలి ఉంది, గుడ్డకే తెలియలేదు. ఆ మందంతా పోయి పక్క చేలో మిరపకాయలు కోస్తున్న ఆడవాళ్ళ మీద పడింది. కళ్ళమంటలు, వాంతులతో వాళ్ళని ఆటోలో వినుకొండ తీసుకుపోయినవాళ్ళలో నేనూ ఉన్నాను. దేవుడి దయ వల్ల అందరూ ఇంటికొచ్చారు. ఆ రోజు నుంచీ గాలిగుడ్డకి పాత చీరే కట్టాలి, ఉతికి ఉతికి పల్చబడ్డ చీరే కట్టాలి అన్నాం.

ఇంక మిరపకి నల్ల తామరపురుగు వచ్చిన ఏడు. దాని గురించి మాట్లాడకుండా దిగిపోదామనుకున్నాను, కుదరడం లేదు. పూత పూతంతా రాలిపోయింది, ఎర్రగా నిండాల్సిన చేలు మాడిపోయినట్టయ్యాయి, ఏ మందు కొట్టినా లొంగలేదు. అయినా కొట్టక ఏం చేస్తారు? వెంకటనారాయణన్నయ్య మొక్కజొన్న మానేసి మొత్తం మిర్చి పెట్టాడు ఆ ఏడు. పొద్దున్నే యంత్రం కట్టుకుని గట్టు దగ్గరికొచ్చాడు. గాలిగుడ్డ చూస్తే మా పందిరి వైపే ఉంది. పందిరి నిండా గుత్తులు దిగి ఉన్నాయి, ఇంకొన్ని రోజుల్లో కోత. ఆ మందు పడిన కాయ నేను ఎవరి పిల్లల నోట్లోనూ పెట్టను. ఆ సంగతి ఆయనకీ తెలుసు.

తాళంచెవి ఇచ్చేదీ నేనే, పందిరీ నాదే. ఆయన యంత్రం ఆపి, కిందకి దిగి, తలగుడ్డ తీసి చేత్తో పట్టుకుని గట్టు అవతలే నిలబడ్డాడు. “ఏమంటావు ఫెబమ్మా?” అన్నాడు. గట్టిగా కూడా అనలేదు. గాలి తగ్గుతుందేమోనని ఆగు అన్నాను. ఆగాడు. ఎండెక్కింది, గాలి తగ్గలేదు. కూర్చోమంటే కూర్చోలేదు, మంచినీళ్ళిస్తే తాగాడు. గొంతెత్తి అరిచే మనిషి అట్లా ఊరుకుని నిలబడటం నేను చూడలేకపోయాను.

అప్పుడు పుల్లమ్మ వదిన వచ్చింది, చంకలో పాత చీరలు పెట్టుకుని. “వదినా, పందిరికి ఇటువైపు దడి కడదాం,” అంది. నేను పేటలోకి కబురు పెట్టాను, ఆవిడ ఊళ్ళోకి కబురు పెట్టింది. ఎంతమంది వచ్చారో! అందరూ ఇంట్లో ఉన్న పాత చీరలు తెచ్చారు. కాలవలో ముంచి, పిండి, పందిరి స్తంభాలకి తాళ్ళు లాగి, ఈ చివర నుంచి ఆ చివర దాకా తడిచీరల గోడ కట్టాం. ఎవరి చీర చిరుగులదో, ఎవరిది పెళ్ళినాటిదో ఒకటే ఎగతాళి. పేట చీర పక్కన ఊళ్ళో చీర, దాని పక్కన మళ్ళీ పేట చీర, ఏది ఎవరిదో కట్టినవాళ్ళకే గుర్తులేదు. అంత కష్టంలో కూడా ఆ రోజు మేం నవ్వుకున్నంత నేను మళ్ళీ నవ్వలేదు. మా ఆయన గట్టు పక్కనున్న రెండు వరసలూ చూపించి, “ఇవి పోతే పోనీ” అన్నారు. అప్పుడు నేను ‘కొట్టుకో అన్నయ్యా’ అన్నాను. ఆయన గొట్టం కిందకి దించుకుని, బండి మెల్లగా పోనిచ్చుకుంటూ కొట్టాడు. ఆ రెండు వరసల కాయా కోసి గొయ్యి తీసి పూడ్చాం, చీరలూ అందులోనే పూడ్చాం. మిగతా పందిరి నిలబడింది. ఆయన మిర్చి నిలబడిందని చెప్పను, ఏదో విత్తనాలకి, తిండికి మిగిలింది. కానీ ఆయనా నేనూ ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకోగలిగాం.

ఇదంతా ఎందుకు తవ్వుతున్నానంటే, రేపు కమిటీలో పెట్టబోయే తీర్మానం గురించి నాకూ తెలిసింది. దాచినా ఏం లాభం, ఈ ఊళ్ళో గోడలకి కూడా చెవులున్నాయి. ఈ సీజను నుంచి బయటి నుంచి డ్రోన్లవాళ్ళని మాట్లాడుకుంటున్నారు. వాళ్ళు గట్టు మీద ఆగితే ఆగినందుకూ డబ్బులు కట్టాలి, కాబట్టి ‘కొట్టుకో’ అడిగే పద్ధతి తీసేద్దామని తీర్మానం. ప్రేమ్‌చంద్ గారు అట్లా ముఖం పెట్టక్కర్లేదు, నేను తిట్టడం లేదు. (నవ్వులు) డ్రోను మీద నాకు కోపం లేదు. వీపున పంపు మోసి మోసి గూనిపడ్డవాళ్ళని చూసినదాన్ని, పైనుంచి ఎగురుతూ కొట్టే యంత్రం వస్తే నాకంటే సంతోషించేవాళ్ళు ఎవరు? ఖర్చు తగ్గించాలన్న నీ బాధ కూడా న్యాయమైనదే నాయనా. కానీ పైనుంచి పడే తుంపర మన ట్రాక్టరు తుంపర కంటే ఇంకా సన్నం, ఇంకా దూరం పోతుంది. శ్రీరమ్య గారు తల ఊపుతున్నారు చూడు. అడగడం ఇప్పుడే ఎక్కువ కావాలి.

ఇంకో మాట కూడా నా చెవిన పడింది. ‘తాళంచెవి ఆవిడ చేతిలో ఉంది కాబట్టి ఆ పద్ధతి నడిచింది, అదంతా ఆవిడ పందిరి కోసమే’ అని. ఎవరన్నారో అడగను. కోపం రాలేదా అంటే వచ్చింది, రెండు రోజులు అన్నం సహించలేదు. తర్వాత ఆలోచించుకున్నాను. నిజమే, నా పందిరి కోసమే. ఎవరి చేను కోసం వాళ్ళు అడక్కపోతే ఇంకెవరు అడుగుతారు? కానీ ఇవాళ తాళంచెవి షారోన్‌కి ఇచ్చేశాను. చురుకైన పిల్ల, ఇంజను సంగతి నాకంటే బాగా తెలుసు, తిట్లే ఇంకా నేర్చుకోవాలి. రేపు పొద్దున్నుంచి నేను ఈ షెడ్డుకి ఏమీ కాను. గట్టు పక్కన పందిరున్న ఒక ముసలిదాన్ని. ఎవరూ నన్ను అడగాల్సిన పనిలేని మనిషిని. పెళ్ళయి ఈ ఊరొచ్చిన కొత్తలో ఎట్లా ఉన్నానో మళ్ళీ అట్లాగే. భయంగా ఉందమ్మా, నిజం చెప్తున్నా. సన్మానం చేసి పంపుతున్నారు గానీ, రేపు నా గట్టు మీద నిలబడేవాడు ఉంటాడా లేదా అన్నదే నాకు దిగులు.

సరే. శాలువా సంగతి చెప్తానన్నాను కదా. ఇది నాకు ఎందుకిచ్చారో తెలుసు, ప్రేమతో ఇచ్చారు, బీరువాలో దాచుకుంటాను. కానీ ఇది గాలిగుడ్డకి పనికిరాదు, బరువెక్కువ, ఎంత గాలొచ్చినా కదలదు. అందుకే నేను ఇంటి నుంచి ఇంకోటి తెచ్చుకున్నాను. (సంచిలోంచి పాత చీర తీసి చూపించారు) ఏవండీ, అట్లా చూడకండి, మీరు కొన్నదే. స్తంభాలకి నా కమ్మలు అమ్మించినందుకు మొదటి పంట మీద కొనిపెట్టారు. కట్టి కట్టి, ఉతికి ఉతికి ఊపిరి తగిలినా ఊగేంత పల్చనైంది. షారోన్, ఇట్రామ్మా, ఇది తీసుకో. సీజను మొదలయ్యే రోజు నా గట్టు మీద ఇదే కట్టు. (చప్పట్లు)

చప్పట్లు ఆపండి, ఒక్క మాట ఉంది.

ఇన్నేళ్ళలో నేను ఆగు అన్నాను, సాయంత్రం రా అన్నాను, నాజిల్ మార్చుకుని రా అన్నాను, చీరలు కట్టేదాకా ఉండు అన్నాను. ‘వద్దు’ అని మాత్రం ఎవరినీ ఒక్కసారి కూడా అనలేదు. ఎందుకంటే వచ్చి అడిగినవాళ్ళని కాదనడం నాకు చేతకాలేదు. రేపు మీరు కమిటీలో పెట్టే తీర్మానం కూడా మందు లాంటిదే. దాని తుంపర ఎవరి మీద పడుతుందో చూడండి, నా పందిరి ఆ వైపే ఉంది. పద్ధతి ఇంకా తీసెయ్యలేదు కాబట్టి, మీరు నన్ను అడగాలి.

వెంకటనారాయణన్నయ్యా, నువ్వు లేచావేంది? కూర్చో, నే చెప్తున్నా కదా.

(ముందు వరసలోంచి వెంకటనారాయణ గారు: “కమిటీలో నేనూ ఉన్నా కదమ్మా. అందుకే లేచా. అడుగుతున్నా. ఏమంటావు ఫెబమ్మా?”)



అడిగావు కదా అన్నయ్యా. ఇప్పుడు కూడా తలగుడ్డ తీసి చేతిలోనే పట్టుకున్నావు.

నన్ను మనిషిగా నిలబెట్టి అడిగిన ఈ ఊరికి, నా అరుపులు భరించిన రైతులకి, నా పందిరి కింద కూర్చున్న ప్రతి చెల్లెలికి, నోరు తెరవకుండానే నాకు ఇంత మాట నేర్పిన మా ఆయనకి చేతులెత్తి నమస్కరిస్తున్నాను. మీ అందరి రుణం నాది.

ఆ తీర్మానానికి మాత్రం, గాలివాలు మనిషిగా నా మాట ఇది. వద్దు.

సెలవు.